వెనక డ్రమ్ బ్రేకులు ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు చెన్నై వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి నీళ్లు వచ్చాయి. నా 2005 మోడల్ మారుతి 800 రెండు రోజులు చక్రాలు సగం మునిగి అలాగే నిలబడింది. నేను ఊళ్లో లేను. పైగా వెళ్లేముందు హ్యాండ్ బ్రేకు బలంగా లాగిపెట్టి మరీ వెళ్లాను. మూడు వారాలకు తిరిగొచ్చి, స్టార్ట్ చేసి క్లచ్ వదిలితే బండి వెనక భాగం కిందికి కుంగింది, ఇంజిన్ ఆగింది. అంగుళం కదల్లేదు. చక్రంతోపాటు తిరిగే ఇనుప గిన్నె లాంటిది డ్రమ్ము, దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపేవి బ్రేకు షూలు. ఆ షూలు తుప్పు పట్టి డ్రమ్ముకు అతుక్కుపోయాయన్నమాట.

అప్పటి నుంచి ఈ పని మూడుసార్లు చేశాను, రెండుసార్లు నా బండికి, ఒకసారి పక్కింటి వాళ్ల ఆల్టోకి. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. షూలు మార్చడం పెద్ద విద్యేం కాదు. డ్రమ్ ఊడదీయడమే సగం పని. మిగతా సగం, స్ప్రింగులు ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకోవడం.

మొదటే ఇంకో మాట. ఇంతవరకు పానా పట్టనివాళ్లు బ్రేకులతో మొదలుపెట్టకండి. స్టెప్నీ మార్చడం, ఆయిల్ మార్చడం లాంటివి చేసి చెయ్యి తిరిగాక దీనికి రండి. బ్రేకు పనిలో తప్పు చేస్తే అది మన ఒక్కరి ప్రాణంతో పోదు.

మార్చాల్సిన టైమ్ వచ్చిందని ఎలా తెలుస్తుంది? బ్రేకు వేయగానే బండి బరువంతా ముందుకు తూగుతుంది కాబట్టి పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. వెనక షూలు నెమ్మదిగా అరుగుతాయి, అందుకే మనం వాటిని మరిచిపోతాం. హ్యాండ్ బ్రేకు లివరు మునుపటికంటే బాగా పైకి వస్తోందా? వెనక నుంచి ఇనుము రాసుకున్న చప్పుడు వస్తోందా? వెనక టైరు లోపలి వైపు తడిగా, జిడ్డుగా ఉందా? బ్రేకు ఆయిల్ మాటిమాటికీ తగ్గుతోందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా డ్రమ్ తెరిచి చూడాలి. చివరి రెండూ అయితే వీల్ సిలిండర్, అంటే ఆయిల్ ఒత్తిడితో షూలను డ్రమ్ముకేసి నెట్టేది, కారుతూ ఉండవచ్చు. అప్పుడు బండి బయటికి తీయకండి.

సామాను సంగతి

షూల సెట్టు అంటే నాలుగు షూలు, రెండు చక్రాలకూ సరిపోతాయి. ఒక్క పక్క మాత్రమే మార్చడం ఎప్పుడూ వద్దు, బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. వాటితోపాటు స్ప్రింగుల కిట్టు కూడా కొనండి. షూలు పట్టుకునే పిన్నులు, కప్పులు అందులోనే వస్తాయి. సముద్రపు గాలికి ఈ ఊళ్లో స్ప్రింగులు తొందరగా తుప్పు పడతాయి. ఇరవై ఏళ్లనాటి స్ప్రింగును మళ్లీ బిగించి టెన్షన్ పడటం ఎందుకు?

జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్త స్పేర్ పార్టులు దొరుకుతాయి. పాత సామానుకి పుదుపేట. డోర్ హ్యాండిలో, అద్దమో కావాలంటే పుదుపేటకి నేనూ పోతాను, కానీ బ్రేకు షూ, వీల్ సిలిండర్ మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దే వద్దు. అయినా బ్రేకు సామానుకి ఇది పుట్టిల్లు లాంటి ఊరు. బ్రేక్స్ ఇండియా, సుందరం బ్రేక్ లైనింగ్స్ పాడిలో, రాణే వాళ్ల బ్రేక్ లైనింగ్ ఫ్యాక్టరీ అంబత్తూరులో ఉన్నాయి. అంత దగ్గర్లో తయారవుతుంటే పేరు లేని డబ్బాలో ఉన్న షూలు కొనడం అనవసరం. కొట్టుకి వెళ్లేటప్పుడు ఆర్‌సీ ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. ఒకే మోడల్‌కి ఏడాదిని బట్టి సామాను మారుతుంది.

ఇంకా కావాల్సినవి: మంచి జాకీ, రెండు జాకీ స్టాండ్లు, రింగు పానాల సెట్టు, పెద్ద సాకెట్, కటింగ్ ప్లయర్, ముక్కు ప్లయర్, రెండు సైజుల స్క్రూడ్రైవర్లు, రబ్బరు సుత్తి, బ్రేక్ క్లీనర్ స్ప్రే, తుప్పు వదిలించే స్ప్రే, ఎక్కువ వేడికి కరగని గ్రీజు, ఎన్95 మాస్కు, బనియన్ వేస్టు. గరుకు కాగితం కూడా తీసుకోండి. ఇక్కడ హార్డ్‌వేర్ కొట్టులో ‘ఉప్పుతాళ్’ అని అడిగితే ఇస్తారు, మన ఉప్పు కాగితమే.

జాకీ స్టాండ్లు లేకపోతే పని మొదలుపెట్టకండి. ఇటుకలు, రాళ్లు దానికి బదులు కావు. ఇటుక ముందుగా చెప్పకుండా పగులుతుంది.

బండి ఎత్తడం

సమంగా ఉన్న గట్టి నేల మీద పెట్టండి. ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. వెనక చక్రాల నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే కాస్త వదులు చేయండి. తర్వాత మాన్యువల్‌లో చూపిన చోట జాకీ పెట్టి ఎత్తి, స్టాండ్ల మీద దించండి. బండిని చేత్తో ఒకసారి గట్టిగా ఊపి చూడండి. ఊగితే మళ్లీ దించి మళ్లీ పెట్టండి. ఊడదీసిన చక్రాన్ని బండి కిందికి తోసి ఉంచండి. స్టాండు జారినా బండి టైరు మీద ఆగుతుంది.

మారుతి 800, ఆల్టో, జెన్ లాంటివి ముందు చక్రాలతో నడిచే బళ్లు, ఫస్ట్ గేరులో పెడితే ముందు చక్రాలు కదలవు. ఓమ్ని, అంబాసిడర్ లాంటివాటికి ఇది పనికిరాదు. ఇంజిన్ బలం వెనక చక్రాలకు వెళుతుంది కాబట్టి గేరు వేస్తే డ్రమ్మే తిరగదు. అవి న్యూట్రల్‌లో ఉండాలి, చెక్క దిమ్మలే దిక్కు.

ఇప్పుడు హ్యాండ్ బ్రేకు పూర్తిగా కిందికి దించండి. చాలామంది మరిచిపోయేది ఇదే. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి డ్రమ్మును గంటసేపు సుత్తితో కొట్టినవాణ్ణి నేను చూశాను. అద్దంలో.

డ్రమ్ ఊడదీయడం

డ్రమ్ములు రెండు రకాలు. కొన్ని బళ్లలో డ్రమ్ము హబ్బు మీద, అంటే చక్రం బిగించే మధ్య భాగం మీద, టోపీలా కూర్చుని ఉంటుంది. చక్రం తీస్తే దాన్ని పట్టి ఉంచేది తుప్పు ఒక్కటే, లేదంటే ఒకటో రెండో చిన్న స్క్రూలు. రెండో రకంలో డ్రమ్ము, బేరింగు ఒకటే ముక్క. మధ్యలో రేకు మూత, దాని కింద నట్టు. నా 800 ఈ రెండో రకం. మూతను స్క్రూడ్రైవరుతో చుట్టూ కొంచెం కొంచెంగా లేపాలి. లోపల కోట బురుజులా గాళ్లు పడిన నట్టు, అది తిరగకుండా దానిలోంచి దూర్చిన స్ప్లిట్ పిన్ కనిపిస్తాయి. పిన్ను నిటారుగా చేసి లాగేసి, నట్టు విప్పి, వాషరు తీసి, అవి ఉన్న వరుసలోనే ఒక పళ్లెంలో పెట్టండి. పాత స్ప్లిట్ పిన్ మళ్లీ వాడకూడదు. కొత్తది రూపాయల్లో వస్తుంది, దాని మీద ఆధారపడింది చక్రం.

డ్రమ్ వచ్చేస్తే అదృష్టం. రాకపోతే ఈ వరుసలో వెళ్లండి.

ముందు హ్యాండ్ బ్రేకు లివరు దగ్గర కేబుల్ నట్టు వదులు చేయండి. అరిగిన డ్రమ్ములో షూలు గాడి చేసుకుని కూర్చుంటాయి, అంచున గట్టులా ఒక మెట్టు మిగులుతుంది. షూలు లోపలికి ముడుచుకుంటే తప్ప ఆ మెట్టు దాటి డ్రమ్ము రాదు. షూలు అమర్చి ఉండే వెనక రేకును బ్యాక్ ప్లేటు అంటారు. దాని వెనక రబ్బరు మూత పెట్టిన చిన్న రంధ్రం ఉంటే దాంట్లోంచి స్క్రూడ్రైవరుతో అడ్జస్టరును, అంటే షూల మధ్య ఎడం సరిచేసే కడ్డీని, వెనక్కి తిప్పవచ్చు.

అప్పటికీ రాకపోతే తుప్పు పని. హబ్బు, డ్రమ్ము కలిసే చోట స్ప్రే కొట్టి ఒక టీ తాగి రండి. నిజంగానే పదిహేను ఇరవై నిమిషాలు ఆగాలి. తర్వాత డ్రమ్ము ముందు ముఖం మీద, చక్రం బోల్టుల మధ్య, చుట్టూ తిప్పుతూ రబ్బరు సుత్తితో కొట్టండి. అంచుల మీద ఇనుప సుత్తితో కొట్టకండి. డ్రమ్ము పోత ఇనుము, పగులుతుంది. టోపీ రకం డ్రమ్ముల మీద మరలు కోసిన రెండు ఖాళీ రంధ్రాలు ఉంటాయి. చాలా బళ్లలో వాటికి 8 మిల్లీమీటర్ల బోల్టులు పడతాయి. రెండింటినీ బిగించి, ఇటు అర చుట్టు, అటు అర చుట్టు తిప్పుతూ పోతే డ్రమ్ము దానంతట అదే బయటికి వస్తుంది.

నా రకం డ్రమ్ముకు ఆ రంధ్రాల సౌకర్యం లేదు. మెకానిక్ షెడ్డులో జారే సుత్తి ఉన్న పుల్లర్ వాడతారు. నేను వాడింది పాత ఉపాయం. మధ్య నట్టు తీసేశాక చక్రాన్ని మళ్లీ డ్రమ్ముకే బిగించి, టైరును రెండు చేతులా పట్టుకుని, పైన ఒకసారి కింద ఒకసారి ఊపుతూ లాగాను. టైరు పెద్దది కాబట్టి పట్టు బాగా దొరుకుతుంది. బండి స్టాండ్ల మీద కదలకుండా చూసుకుంటూ చేయాలి, కాలు తన్నిపెట్టి గుంజడం వద్దు. పది నిమిషాల తర్వాత ‘టప్’ అని కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు వచ్చింది. డ్రమ్ములోంచి ఎర్రటి తుప్పు పొడి గుప్పెడు రాలింది. డ్రమ్ముకు రాసుకునేందుకు షూ మీద అంటించిన పొర, అంటే లైనింగులో ఒక ముక్క ఊడి డ్రమ్ముకే అంటుకుని ఉంది.

ఆ దుమ్ము జోలికి నోటితో వెళ్లకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి రాదు. ఊదకూడదు, గాలి పంపు పెట్టకూడదు, పొడి చీపురు పెట్టకూడదు. మాస్కు వేసుకుని, బ్రేక్ క్లీనర్ కొట్టి తడిపి, కారిన నీటిని కింద తొట్టిలో పట్టి, తడి గుడ్డతో తుడవండి. ఆ గుడ్డ కవరులో కట్టి పారేయండి, ఇంట్లో ఉతకవద్దు.

షూలు విప్పడం

ముందు ఫోన్ తీసి ఫొటోలు కొట్టండి. ఎదురుగా ఒకటి, పైనుంచి ఒకటి, ప్రతి స్ప్రింగు కొక్కెం దగ్గరగా ఒకటి. అంతకంటే ముఖ్యం, రెండో పక్క చక్రాన్ని ముట్టుకోకండి. ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండోది. తికమక పడినప్పుడు అటు పక్క డ్రమ్ము ఒక్కటి తీసి చూస్తే సరిగ్గా ఎలా ఉండాలో తెలిసిపోతుంది. కాకపోతే అది అద్దంలో బొమ్మలా తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి.

లోపల కనిపించేది ఇది. పైన వీల్ సిలిండర్, దానికి అటొకటి ఇటొకటి షూ. పైనా కిందా షూలను దగ్గరకు లాగే స్ప్రింగులు. మధ్యలో రెండు షూల మధ్య అడ్డంగా ఒక కడ్డీ, అదే అడ్జస్టర్. వెనక షూకి హ్యాండ్ బ్రేకు లివరు, దానికి కేబులు. షూ ఒక్కోటి బ్యాక్ ప్లేటుకు ఒక పిన్నుతో, చిన్న స్ప్రింగుతో అణిగి ఉంటుంది.

మొదట ఆ అణిచే స్ప్రింగులు తీయండి. బ్యాక్ ప్లేటు వెనక నుంచి పిన్ను తలను వేలితో అదిమి పట్టుకుని, ముందు నుంచి ప్లయరుతో కప్పును లోపలికి నొక్కి పావు చుట్టు తిప్పితే గాడిలోంచి పిన్ను జారిపోతుంది. కప్పు మీద బొటనవేలు అడ్డం పెట్టుకోండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. మొదటిసారి నాది ఎగిరి వాన నీటి కాలువలో పడింది. దాంతో స్కూటరేసుకుని మళ్లీ జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు పోవాల్సి వచ్చింది. అందుకే కిట్టు ముందే కొనమన్నాను.

తర్వాత రెండు షూలనూ పట్టుకుని పుస్తకం తెరిచినట్టు కొంచెం ఎడంగా లాగి, కిందివైపు నుంచి జార్చితే మొత్తం ఒకటిగా చేతికి వస్తుంది. కేబుల్ కొసను లివరు నుంచి తప్పించండి. స్ప్రింగులను ఒక్కోటి విప్పి, కొత్త షూల మీద అదే రంధ్రానికి అదే కొక్కెం వేసుకుంటూ నేల మీదే పేర్చుకోండి. లివరు పాత షూ మీద చిన్న క్లిప్పుతో ఉంటుంది, దాన్ని కొత్త షూకి మార్చండి. నక్షత్రంలా పళ్లున్న చక్రంతో తిప్పే మరల అడ్జస్టరు అయితే కుడి పక్కది ఎడమకు వేయకండి. మరలు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కోసి ఉంటాయి. తారుమారైతే బ్రేకు వేసినకొద్దీ బిగియడానికి బదులు వదులవుతుంది.

ఈ దశలో బ్రేకు పెడల్ ఎవరూ ముట్టుకోకూడదు. డ్రమ్ము లేనప్పుడు పెడల్ తొక్కితే పిస్టన్లు సిలిండర్లోంచి బయటికి దూసుకొస్తాయి. ఇంట్లో పిల్లలుంటే కారు తాళం వేసి తాళం చెవి జేబులో పెట్టుకోండి.

సిలిండర్, డ్రమ్ము చూడటం

సిలిండర్ రెండు కొసలా ఉన్న రబ్బరు బూటు అంచును కొంచెం లేపండి. లోపల చెమ్మ ఉంటే పరవాలేదు. ఆయిల్ కారితే సిలిండర్ మార్చాలి. రెండు పక్కలా మార్చడం మేలు. నాది ఎడమ పక్క కారింది. బ్యాక్ ప్లేటు వెనక రెండు బోల్టులు, ఒక పైపు నట్టు. పైపు నట్టు మూలలు అరిగి పానా జారుతోందనిపిస్తే అక్కడితో ఆగిపోండి. పైపు మెలి తిరిగి తెగితే కొత్త పైపు వేయాల్సిందే, దానికి మెకానిక్కే రావాలి. మాకు ఆ పని చేసిపెట్టిన పెద్దాయన వాకిట్లోనే కూర్చుని పావుగంటలో నట్టు విప్పేశాడు. పిలవడంలో తప్పేం లేదు.

డ్రమ్ము లోపలి వ్యాసం ఎంతవరకు పెరగవచ్చో చాలావాటి మీద అచ్చు వేసే ఉంటుంది. వెర్నియర్ కాలిపర్‌తో రెండు మూడు చోట్ల కొలవండి. ఆ అంకె దాటితే డ్రమ్ము మార్చడమే. అంకె లోపలే ఉండి గీతలు లోతుగా ఉంటే లేత్ షాపులో సన్నగా కోయించవచ్చు. పైపై తుప్పయితే ఉప్పు కాగితంతో అడ్డంగా రుద్ది, క్లీనరుతో కడిగితే చాలు. నీళ్లలో నిలిచిన బండి అయితే బేరింగు తిప్పి చూడండి. గరగరమంటే అది కూడా ఇప్పుడే మార్పించండి, మళ్లీ ఇంత పని ఎవరు చేస్తారు?

బిగించడం

బ్యాక్ ప్లేటు మీద షూ అంచు రాసుకునే మెరుపు మచ్చలు ఉంటాయి. సాధారణంగా షూకి మూడు. వాటి మీద మాత్రం బియ్యపుగింజంత గ్రీజు పెట్టండి. ఎక్కువ పెడితే వేడికి జారి లైనింగు మీదికి వస్తుంది, అప్పుడు కొత్త షూలు కూడా దండగే. జిడ్డు చేత్తో లైనింగు పట్టుకోకండి.

కేబుల్ తగిలించి, షూలను విప్పిన దారినే ఎక్కించి, పిన్నులు పెట్టి పావు చుట్టు తిప్పండి. అన్నీ పడ్డాక రెండు అడుగులు వెనక్కి జరిగి ఫొటోతో పోల్చి చూడండి. షూ కొసలు సిలిండర్ పిస్టన్ల గాళ్లలో సరిగ్గా కూర్చున్నాయా? అడ్జస్టరు కడ్డీ రెండు షూల గాళ్లలోనూ ఉందా? కేబుల్ లివరు నుంచి జారలేదు కదా?

అడ్జస్టరును పూర్తిగా లోపలికి తిప్పితేనే కొత్త షూల మీద డ్రమ్ము ఎక్కుతుంది. ఎక్కించాక, నా రకం బండికి మధ్య నట్టు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు కొలతకు) బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ వేసి కొసలు వంచి, రేకు మూత కొట్టండి. తర్వాత అడ్జస్టరు కొంచెం కొంచెంగా బయటికి తిప్పుతూ డ్రమ్మును చేత్తో తిప్పండి. సన్నగా ‘స్స్’ అని తగులుతూ తిరగాలి, ఆగిపోకూడదు. ఇప్పుడు రెండో పక్క మొదలుపెట్టండి.

సిలిండర్ మార్చినవాళ్లు బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయాలి. దీనికి ఇద్దరు కావాలి. మా బావమరిది పెడల్ దగ్గర కూర్చున్నాడు.

‘బావా, తొక్కనా?’

‘రెండు డ్రమ్ములూ ఎక్కాయి, ఇక తొక్కు. మూడుసార్లు కొట్టి, అదిమి పట్టుకో. నేను చెప్పేదాకా కాలు తీయకు.’

అతను అదిమి పట్టుకుంటే నేను సిలిండర్ వెనక నిపుల్, అంటే గాలి వదిలే చిన్న మరను, అర చుట్టు వదిలాను. నిపుల్‌కు తగిలించిన పారదర్శక గొట్టంలోంచి బుడగలతో ఆయిల్ సీసాలోకి వచ్చింది. నిపుల్ బిగించాకే ‘వదులు’ అన్నాను. బుడగలు రాకుండా పోయేదాకా ఇదే తంతు. పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. మన బళ్లలో చాలావాటికి అది వెనక ఎడమ చక్రం. బానెట్ కింద ఉన్న బ్రేకు ఆయిల్ డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా మధ్యమధ్యలో పోస్తూ ఉండాలి. మూత మీద డాట్ 3 (బ్రేకు ఆయిల్ రకం) అని ఉంటే డాట్ 3 పోయండి, సీలు తెరిచి నెలలైన సీసా వద్దు. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, ఈ ఊళ్లో తేమకు కొదవ లేదు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

రోడ్డెక్కే ముందు

చక్రాల నట్లు ఎదురెదురుగా బిగించి, బండి దించాక మరోసారి బిగించండి. బండి కదలకముందే పెడల్ గట్టిగా తగిలేదాకా తొక్కండి. మెత్తగా స్పాంజిలా దిగితే ఇంకా గాలి ఉన్నట్టు. హ్యాండ్ బ్రేకు కేబుల్ నట్టు మళ్లీ బిగించండి. లివరు నాలుగు నుంచి ఏడెనిమిది ‘టక్’ల మధ్య పట్టుకోవాలి, మీ మాన్యువల్ అంకె ఏదైతే అది.

హ్యాండ్ బ్రేకు పరీక్షకు ఏటవాలు కావాలి, చెన్నైలో అదే కరువు. షాపింగ్ మాల్ బేస్‌మెంట్ ర్యాంపు ఉదయం పూట ఖాళీగా ఉంటుంది. కాలు బ్రేకు మీదే ఉంచి హ్యాండ్ బ్రేకు లాగి, నెమ్మదిగా కాలు తీయండి. బండి నిలబడాలి.

ఖాళీ రోడ్డు మీద నలభై వేగంలో వెళ్తూ పది పదిహేనుసార్లు మామూలుగా బ్రేకు వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ నడపండి. కొత్త లైనింగు డ్రమ్ము ఆకారానికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. తిరుమల ఘాట్ లాంటి చోటికి వెంటనే వెళ్లకండి. వెళ్లాల్సి వస్తే దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకుండా సెకండ్ గేరులోనే దిగండి.

యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ చూసుకోండి. అలా తిరిగొచ్చిన వెంటనే రెండు వెనక చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూడండి, ఇనుము మాత్రం ముట్టుకోకుండా. ఒకటి గోరువెచ్చగా ఉండి రెండోది సెగలు కక్కుతుంటే ఆ పక్క షూ ఎప్పుడూ రాసుకుంటోందన్నమాట. ముందు హ్యాండ్ బ్రేకు కేబులు మరీ బిగిసిందేమో చూడండి. అది సరిగ్గానే ఉంటే ఆ చక్రం ఎత్తి, అడ్జస్టరు రెండు పళ్లు వెనక్కి తిప్పండి.